అనుసరణము – పాత్రాపాత్ర వివేకము

మానవునకు కొన్ని సంబంధములు పుట్టుకతో వచ్చును. కొన్నిటిని అతడే కోరి తెచ్చుకొనును. తల్లిదండ్రులను, తోబుట్టువులను, పుట్టిన ఊరిని ఎవ్వడును ఎన్నుకొనలేడు. స్నేహితుని, గురువును, సలహా చెప్పువానిని మాత్రము ఎన్నుకొనవచ్చును. అందుచేతనే పెద్దలు సహవాసమును గూర్చి అంతగా హెచ్చరించిరి. ఆరునెలలు సహవాసము చేసినచో వారు వీరగుదురని తెలుగునాట సామెత. దినదినమును వినుమాటలే మనుష్యుని, అతనికి తెలియకుండగనే, మలచుచుండునని దాని భావము.

పూర్వము పరుల మాట ఇంటిలోనికి వచ్చుటకు కొన్ని ద్వారములే ఉండెడివి. ఉదయము వార్తాపత్రిక, సాయంకాలము రేడియో, గుడిలో పురాణకాలక్షేపము, ఊరినడుమ రచ్చబండ. రచ్చబండపై మాటాడినవాడెవడో, వాని నడవడి యెట్టిదో పదిమందికి తెలియును. నేడు ఆ ద్వారములన్నియు సెల్‌ఫోనులో చేరినవి. ఫేస్‌బుక్ 2004లోను, యూట్యూబ్ 2005లోను, నేడు ఎక్స్ అని పిలువబడు ట్విట్టర్ 2006లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను పుట్టినవి. వీనియందు ఎవరి పేరిట వారికి ఖాతా ఉండును. ఆ పేరు ప్రక్కన ‘ఫాలో’ అను మీట ఒకటి. యూట్యూబులో దానినే ‘సబ్‌స్క్రైబ్’ అందురు. దానిని నొక్కుటకు రెప్పపాటు చాలును. నొక్కిన పిమ్మట ఆ ఖాతాదారుని మాటలు, బొమ్మలు పిలువకయే వచ్చి ఎదుట నిలుచును.

ఇంత స్వల్పమైన పనియందు ధర్మాధర్మ విచారణకు తావున్నదా యని కొందరు అడుగుదురు. ఆ పని స్వరూపమెట్టిదో తెలిసినచో తావున్నదో లేదో తేలును.

ఒకప్పుడు అనుసరించినవారి మాటలు వ్రాసిన క్రమములోనే కనబడెడివి. 2016వ సంవత్సరమున ట్విట్టరును, ఇన్‌స్టాగ్రామును ఆ పద్ధతిని మార్చినవి. చూచువానికి దేనియందు ఆసక్తి యెక్కువయో యంత్రమే లెక్కకట్టి ఆ వరుసలో చూపుట నాటినుండి సాగుచున్నది. ఎవడు దేనిని ఎంతసేపు చూచెను, దేనిని మెచ్చెను, దేనిని పరులకు పంపెను అనునదే ఆ లెక్కకు ఆధారము. కల్లుదుకాణము ముందు ఒక్క క్షణము నిలిచినవాని ఇంటికి మరునాడు కల్లుకుండను పంపు వర్తకుని వంటిది ఈ యంత్రము. కనుక ఒక ఖాతాను అనుసరించుట ఒక్కని మాట వినుటతో ఆగదు. వాని వంటివారు మరి పదిమందికి వాకిలి తెరచినట్లగును.

“చూచినంత మాత్రమున దోషమేమి? మేము వాని మాట నమ్ముట లేదు, ఆచరించుట లేదు, ఉబుసుపోకకు చూచుచున్నాము” అని పలువురందురు. ఈ వాదము పైకి సరళముగ కనబడినను నిలువదు. అనుసరించువారి సంఖ్యయే ఖాతాదారునకు మూలధనము. వేయిమంది అనుసరించు ఖాతాకు ప్రకటనదారు ఇచ్చు వెలకును, పదిలక్షలమంది అనుసరించు ఖాతాకు ఇచ్చు వెలకును ఎంతో భేదము కలదు. క్రొత్తగ వచ్చువాడు కూడ ఆ సంఖ్యను చూచియే, “ఇంతమంది నమ్మినవాడు తప్పు చెప్పునా?” అని మోసపోవును. ఉబుసుపోకకు నొక్కినవాడును ఆ సంఖ్యలో ఒకడే. నమ్మి నొక్కినవాడును ఒకడే. అంకెకు అంతరంగము తెలియదు.

అమెరికా దేశపు పండితుడు హెర్బర్ట్ సైమన్ 1971లోనే ఈ విషయమును సూచించెను. సమాచారము పెరిగినకొలది దానిని గ్రహింపవలసిన మనుష్యుని అవధానము కరవగునని ఆయన వాదము. కరవైన వస్తువునకు వెల యెక్కువ. కనుక చూచువాడు ఉచితముగ పుచ్చుకొనుచున్నానని అనుకొనినను, నిజమునకు అతడు ఇచ్చువాడే. అతడు తన కాలమును, తన దృష్టిని, తన పేరును ఇచ్చుచున్నాడు. ఇచ్చుట యున్నచోట పాత్రాపాత్ర విచారణ తప్పదు.

ఇక్కడ ఒక ధర్మసందేహము కలుగును. వచ్చినవాడెవడని అడుగక అందరిని తనవారిగా భావింపుమని బసవేశ్వరుని బోధ. దాసోహము జరుగు ఇంట పంక్తిలో కూర్చుండినవాని కులమును, ఊరును అడుగువారు లేరు. ఆకలియే అక్కడ పాత్రత. అట్టి సంప్రదాయమున పెరిగినవారు ఈ ఖాతా తగును, ఆ ఖాతా తగదు అని వేరుచేయుట విరుద్ధము కాదా?

విరుద్ధము కాదు. అడుగరానిది “ఎవడు?” అను ప్రశ్న, అడుగవలసినది “ఏమి చేయుచున్నాడు?” అను ప్రశ్న. కులమును అడుగవద్దనిన సంప్రదాయమే కాయకమును తప్పక అడిగినది. వచ్చిన సొమ్ము సత్యమైన శ్రమవలన వచ్చినదా కాదా యని విచారించినది. అంతియేగాక అన్నము వేరు, అనుసరణము వేరు. అన్నము పెట్టినచో ఆకలిగొన్నవాని ప్రాణము నిలుచును. అనుసరించినచో ఎదుటివానికి పరుల మనస్సులపై అధికారము వచ్చును. ఆకలిగొన్న ప్రతివానికి అన్నము పెట్టవలెను; అడిగిన ప్రతివానికి అధికారము ఇయ్యరాదు.

అయితే నేడు జరుగుచున్నది దీనికి తలక్రిందులుగ నున్నది. అడుగరాని ప్రశ్ననే అందరును అడుగుచున్నారు, అడుగవలసినదానిని విడిచిపెట్టినారు. వాడు సినిమా నటుడు కనుక అనుసరింతురు; క్రికెట్ ఆటగాడు కనుక అనుసరింతురు; తమ కులమువాడు, తమ జిల్లావాడు, తమ సమాజమువాడు కనుక అనుసరింతురు. విభూతి ధరించి, బసవేశ్వరుని చిత్రమును ముందుంచుకొని మాటాడినంత మాత్రమున, వాడు ఇతరులను దూషించుచున్నను, “మనవాడు” అని వేలకొలది చేరుదురు. మనవాడను మాట అన్యుని ఆదరించుటకు పుట్టినదే కాని, తనవాని తప్పును కప్పుటకు పుట్టలేదు.

నీలిగుర్తు కూడ “ఎవడు?” అను ప్రశ్నకే సమాధానము. 2009లో ట్విట్టర్ దానిని ప్రారంభించినప్పుడు, ఈ ఖాతా నిజముగ ఈ పేరుగలవానిదే యనుటకు అది చిహ్నము. ఆ మనిషి సత్యవాది యనుటకు కాదు. 2022 నవంబరులో నెలరుసుము చెల్లించువారికి ఆ గుర్తును అమ్మసాగిరి. వెంటనే ఒకరు ఎలై లిల్లీ అను అమెరికా ఔషధసంస్థ పేర దొంగఖాతా తెరచి, నీలిగుర్తు కొని, ఇన్సులిన్ ఉచితమని ప్రకటించిరి. ఆ సంస్థ అది తమ మాట కాదని చెప్పి ప్రజలను క్షమాపణ వేడవలసివచ్చెను. గుర్తును చూచి నమ్మినవారి గతి యిట్టిది.

“ఏమి చేయుచున్నాడు?” అని విచారించువాడు మొదట ఖాతాదారుని జీవిక యెట్టిదో చూడవలెను. వానికి ధనము ఎక్కడనుండి వచ్చుచున్నది? పొగడుచున్న వస్తువుకు ప్రతిఫలము ముట్టినదా? ముట్టినచో ఆ సంగతి చెప్పుచున్నాడా? 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ, ధనము గాని కానుక గాని పుచ్చుకొని ఒక వస్తువును మెచ్చుకొనువారు ఆ సంగతిని అందరికి తెలియునట్లు ప్రకటింపవలెనని మార్గదర్శకములు విడుదల చేసెను. చట్టము చెప్పకున్నను ఇది సాధారణ ధర్మమే. కూలి పుచ్చుకొని పొగడి, దానిని స్వానుభవమని చెప్పుట అసత్యము.

ఈ విచారణ చేయకపోవుటవలన కలిగిన అనర్థమును తెలుగుదేశము కన్నులార చూచినది. డబ్బు పందెములు కట్టించు బెట్టింగు యాప్‌లకు ప్రచారము చేసిరను ఆరోపణపై 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పలువురు నటులపైన, సామాజిక మాధ్యమములలో పేరుపొందినవారిపైన కేసులు నమోదు చేసిరి. అదే సంవత్సరము ఆగస్టులో పార్లమెంటు, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను, వాని ప్రకటనలను నిషేధించుచు చట్టము చేసెను. షేర్ల వ్యాపారమున నేర్పు చెప్పుదునని అనుచరులనుండి ధనము తీసికొనుచుండిన ఒక ఖాతాదారుని 2023 అక్టోబరులో సెబీ మార్కెట్టునుండి నిషేధించి, 17 కోట్ల రూపాయలకు పైగా జమ చేయుమని మధ్యంతర ఉత్తరువు నిచ్చెను. ఇతరులకు లాభము నేర్పుచున్న ఆ ఉపదేశకుడు స్వయముగ అదే వ్యాపారమున నష్టపోయెనని ఆ ఉత్తరువులోనే కలదు. చట్టములు, ఉత్తరువులు నష్టము జరిగిన పిమ్మట వచ్చును. ఒక చదువుకొను కుఱ్ఱవాడు పందెములో ఫీజుసొమ్ము పోగొట్టుకొనినచో, ఆ ఆటను చూపినవానికి బలము చేకూర్చినది అదే ఖాతాను ఉబుసుపోకకు అనుసరించిన లక్షలాది పెద్దలు కూడ. వారి అంకె లేనిదే ఆ ప్రచారమునకు వెల కట్టువాడు లేడు.

రెండవది, మాటకు మూలము చెప్పుచున్నాడా లేదా యనునది. ఈ విషయమున ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి (1880–1964) జీవితము గొప్ప ఉదాహరణము. న్యాయవాదవృత్తిలో నుండిన ఆయన వచనములున్న తాళపత్రములను వెదకి, సేకరించి, పరిష్కరించి, 1923లో ‘వచనశాస్త్రసారము’ మొదటి భాగమును వెలువరించెను. అచ్చువేయువారు లేకపోగా 1925లో తానే ముద్రణాలయమును నెలకొల్పెను. 1926లో ‘శివానుభవ’ పత్రికను ప్రారంభించెను. ఒక మాటను లోకమున పెట్టుటకు ముందు ఆయన చెల్లించిన మూల్యమది. నేడు బసవేశ్వరుని చిత్రము క్రింద నాలుగు చక్కని వాక్యములు వ్రాసి, దినమునకు పది చొప్పున పంపువారు కలరు. అవి ఏ సంపుటమునుండి గ్రహింపబడినవి, కన్నడమునుండి తెలుగు చేసినవారెవరు, కూడలసంగమదేవ అను అంకితము వానికి కలదా లేదా అని అడిగినచో సమాధానము రాదు. వాక్యము మంచిదైనను, అననివానికి దానిని అంటగట్టుట అపచారము. మూలము చెప్పువానిని అనుసరింపవలెను; చెప్పనివానిని అడుగవలెను; అడిగినను చెప్పనిచో విడువవలెను. వార్తకును, వైద్యమునకును, చరిత్రకును ఇదియే కొలత.

మూడవది, తన పరిధిని ఎరుగుట. ఎముకల వైద్యుడు ఎముకలను గూర్చి చెప్పిన మాటకు విలువ కలదు. అతడే రాజ్యాంగమును గూర్చి చెప్పినది మరియొక పౌరుని అభిప్రాయము మాత్రమే. వైద్యుడే కానివాడు మధుమేహపు మందులు మాని ఈ కషాయము త్రాగుడని చెప్పినచో అది ప్రాణముతో చెలగాటము. 2023 ఆగస్టులో కేంద్రప్రభుత్వము ఆరోగ్యవిషయములు చెప్పువారు తమ అర్హతను తెలుపవలెననియు, తమ మాట వైద్యుని సలహాకు బదులు కాదని చెప్పవలెననియు సూచించెను. అన్ని విషయములందును దినదినము తీర్పు చెప్పువాడు ఏ విషయమునందును శ్రమించి యుండడు.

నాలుగవది, తప్పు దిద్దుకొను గుణము. తప్పు చేయనివాడు లేడు. తన తప్పు బయటపడినప్పుడు దానిని మాటాడక తుడిచివేసినాడా, లేక “నిన్న చెప్పినది సరికాదు, నిజమిది” అని అదే ఖాతాలో అందరెదుట చెప్పినాడా అనునది పరీక్ష. దిద్దుకొన్నవానిపై నమ్మకము తగ్గదు, పెరుగును.

ఐదవది, చూచిన పిమ్మట మనస్సున మిగులునదేమి? ఈ పరీక్ష ఖాతాదారునికి కాదు, చూచువానికి. 2018లో ‘సైన్స్’ పత్రికలో అమెరికాకు చెందిన మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు ఒక అధ్యయనమును ప్రకటించిరి. 2006 నుండి 2017 వరకు ట్విట్టరులో సుమారు 30 లక్షలమంది వ్యాపింపజేసిన దాదాపు 1,26,000 కథనములను వారు పరిశీలించిరి. సత్యముకంటె అసత్యము పరులకు పంపబడు అవకాశము 70 శాతము అధికమని తేలెను. దీనికి కారణము యంత్రములు కావు, మనుష్యులే యనియు, క్రొత్తదనమునకు, ఆశ్చర్యమునకు వారు లొంగుట హేతువు కావచ్చుననియు వారు తెలిపిరి. కనుక దోషమంతయు చెప్పువానిదే యనుటకు వీలులేదు. వినుటకు ఉవ్విళ్లూరువాడును అందు భాగస్వామియే. ఒక ఖాతాను చూచిన ప్రతిసారి ఎవరిపైననో కోపము, ఎవరినో చూచి అసూయ, ఏదో కొనవలెనను ఆరాటము మాత్రమే మిగులుచున్నచో, అందలి మాటలు నిజమైనను దానిని విడుచుట మేలు. ఒక క్రొత్త విషయము, ఒక మంచి ప్రశ్న, ఒక పనికి ప్రోత్సాహము మిగిలినచో అది సత్సాంగత్యము.

ఇట్లు జల్లెడ పట్టినచో చివరకు తనతో ఏకీభవించువారే మిగులుదురని, మనుష్యుడు నూతిలోని కప్ప యగునని ఒక ఆక్షేపణ కలదు. ఇది పరిగణింపదగినది. కాని పైన చెప్పిన ఐదింటిలో ఏకీభావము అను మాట లేదు. ఆధారముతో, మర్యాదతో కాదనువాడు ఆ ఐదింటను నెగ్గును. అబద్ధముతో అవుననువాడు నెగ్గడు. 12వ శతాబ్దమున కల్యాణమునకు అక్కమహాదేవి వచ్చినప్పుడు అల్లమప్రభువు ఆమెను పొగడలేదనియు, కఠినమైన ప్రశ్నలతో నిలదీసెననియు, ఆమె ఒక్కొక్క ప్రశ్నకు బదులు చెప్పి ఆ సభ మన్ననను పొందెననియు ‘శూన్యసంపాదనము’ వర్ణించుచున్నది. అనుభవమంటపము తలలూపువారి సభ కాదు. కనుక తాను నమ్మినదానిని యోగ్యముగ ప్రశ్నించువారిని ఇద్దరు ముగ్గురినైనను కోరి అనుసరించుట వివేకము. ప్రశ్నించువాడు వేరు, తిట్టువాడు వేరు. మొదటివాడు ఆలోచనను కోరును. రెండవవాడు రోషమును కోరును.

ఇక మిక్కిలి కష్టమైన చిక్కు బంధువుల విషయమున వచ్చును. మేనమామ, బావగారు, చిన్ననాటి మిత్రుడు దినమును ద్వేషపు మాటలను పంపుచున్నచో ఏమి చేయవలెను? విడిచినచో మనస్సు నొచ్చుకొందురని భయము. ఉంచినచో మనస్సు చెడునని భయము. ఇక్కడ సంబంధమును, అనుసరణమును వేరుచేసి చూడవలెను. బావగారు బావగారే, ఆయన ఇంటి శుభకార్యమునకు పోవలెను, ఆయనకు జబ్బు చేసినచో మొదట నిలువవలెను. అందుచేత ఆయన పంపిన ప్రతి మాటకు మనస్సున పీట వేయనక్కరలేదు. ఫేస్‌బుక్కులో స్నేహమును ఉంచుకొనియే అనుసరణమును మానుకొను వీలు కలదు. ఇన్‌స్టాగ్రాములో ‘మ్యూట్’ చేసినచో ఎదుటివారికి తెలియనే తెలియదు. అయినను మీట నొక్కి ఊరకుండుటకంటె మేలైన మార్గమొకటి కలదు. నలుగురిలో కాక, ఒంటరిగ కలిసికొని, “బావగారూ, మీరు పంపినది నిజము కాదట, ఒకసారి చూడండి” అని చెప్పుట అసలైన ఆత్మీయత. పరులకు చెప్పలేని మాటను తనవానికి చెప్పవచ్చును గదా.

పిల్లల విషయమున మరింత జాగ్రత్త కావలెను. 13 ఏండ్లు నిండనివారికి ఖాతా తగదని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నియమములలోనే కలదు. అయినను పెద్దల ఫోనులో పిల్లలు చూచుచునే యుందురు. ఇక పెద్దపిల్లలకు ఇది చూడవద్దు, అది చూడవద్దని శాసించిన కొలది చాటున చూతురు. తండ్రి తాను అనుసరించు ఖాతాలను కొడుకునకు చూపి, “దీనిని నేను ఏల అనుసరించుచున్నాను?” అని కారణము చెప్పగలిగినచో, కొడుకును అదే ప్రశ్న అడుగు అర్హత తండ్రికి వచ్చును. చెప్పలేనిచో ముందు తన పట్టికను సరిచేసికొనవలెను. భోజనమువేళ ఒకని దూషణభాషణమును పెద్దగ పెట్టుకొని వినుచు, పిల్లలు మర్యాదగ మాటాడుట లేదని చింతించుట వ్యర్థము.

రైతు విత్తిన నాడే కలుపు తీయుట ముగిసినదని అనుకొనడు. పైరు పెరిగినకొలది కలుపు కూడ పెరుగును. అట్లే నెలకొకసారియైనను అనుసరించు ఖాతాల పట్టికను తెరచి, ఒక్కొక్క పేరు వద్ద ఆగి, “వీరు గడచిన నెలలో ఏమి చేసిరి?” అని విచారింపవలెను. తాను ఎంచుకొన్నవారి మాటలను మాత్రమే కాలక్రమమున చూచుకొను ఏర్పాటును ఇన్‌స్టాగ్రామ్ 2022 మార్చిలో తిరిగి కల్పించినది. ఎక్స్‌లోను అట్టి వీలు కలదు. దానిని వాడుకొనువానికి కొంతవరకైనను యంత్రము వంట తప్పి, తన యింటి వంట దొరకును. ఇరువదిమంది యోగ్యులను అనుసరించువానికి దినమున కొంతసేపు చాలును. వేయిమందిని అనుసరించువానికి దినమంతయు చాలదు.

దారిద్ర్యముననున్నవాడు కూడ ఇయ్యగల దానమొకటి కలదు. అది తన దృష్టి. దానిని ఎవరికి ఇచ్చుచున్నాడో ఎరుగనివాడు, తన సొమ్ముతో ఎవరు బలిసిరో, ఎవరు చెడిరో కూడ ఎరుగడు. వ్రేలు మీటపై నుంచిన ఆ రెప్పపాటులో, వాడెవడని కాక, వాడేమి చేయుచున్నాడని ఒక్క ప్రశ్న వేసికొనుట ప్రతి గృహస్థునకు సాధ్యమైన పని. దానికి ధనము అక్కరలేదు, పాండిత్యము అక్కరలేదు. ఒక్క క్షణము ఆగు ఓర్పు చాలును.